వైటింగ్ కోసం దూరం విసరక్కర్లేదు: సర్ఫ్ బీచ్‌లో బతికున్న పురుగుతో గాలం

ఆస్ట్రేలియా తూర్పు తీరంలో సాయంత్రం పూట ఏ సర్ఫ్ బీచ్‌కి వెళ్లినా పొడవాటి గాలపు కర్రలు పట్టుకుని నడుం లోతు నీళ్లలో నిలబడినవాళ్లు కనిపిస్తారు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, సీసపు గుండు విరిగే అలల అవతల పడేలా విసురుతుంటారు. టైలర్, జ్యూఫిష్ లాంటి పెద్ద వేట చేపల కోసమైతే ఆ కష్టానికి అర్థం ఉంది. వైటింగ్ అనే చేప కోసమైతే లేదు. అది చాలాసార్లు వాళ్ల వీపు వెనకే, వాళ్లు తొక్కుకుంటూ వచ్చిన మోకాటి లోతు నీళ్లలోనే మేస్తూ ఉంటుంది.

సిడ్నీ, న్యూకాజిల్, బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్ వైపు స్థిరపడిన మనవాళ్లలో గాలం సరదా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. గుండు ఎంత బరువుండాలి, గాలం ఏ సైజు, పోటులో వెయ్యాలా ఆటులో వెయ్యాలా, ఎరను కదిలించాలా వదిలెయ్యాలా, చేప కొట్టగానే లాగాలా ఆగాలా, ఫ్రీజర్‌లో పెట్టిన పురుగు పనికొస్తుందా, బతికున్నదే కావాలా. పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి, అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి కూడా.

ఈ జవాబులన్నిటికీ మూలం ఒక్కటే అని నా నమ్మకం. పొలం దున్నుతుంటే నాగలి వెనక కొంగలు నడుస్తాయి కదా, మట్టి తిరగబడినప్పుడు బయటపడే పురుగుల కోసం. సర్ఫ్ బీచ్‌లో నాగలి అల, కొంగ వైటింగ్. అల ఎక్కడ ఇసుకను తవ్వి లోపలి పురుగును, గవ్వపురుగును బయటపెడుతుందో అక్కడికి ఈ చేప వస్తుంది. గుండు బరువు దగ్గర్నుంచి పోటు సమయం దాకా మిగతావన్నీ ఆ ఒక్క విషయం నుంచే తేలతాయి.

ముందు చేప సంగతి

ఇక్కడ మాట్లాడుతున్నది శాండ్ వైటింగ్ గురించి. శాస్త్రీయ నామం సిల్లాగో సిలియేటా. క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన ఉన్న కేప్ యార్క్ నుంచి న్యూ సౌత్ వేల్స్ మీదుగా విక్టోరియా తూర్పు తీరం దాకా దొరుకుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో పేరుపొందిన కింగ్ జార్జ్ వైటింగ్ వేరే చేప, దానికి ఒళ్లంతా చుక్కలుంటాయి, ఇంకా పెద్దది అవుతుంది. ఇంగ్లండ్‌లో వైటింగ్ అనేది కాడ్ కుటుంబానికి చెందిన చేప, దీనికీ దానికీ చుట్టరికమే లేదు. శాండ్ వైటింగ్‌ని గుర్తుపట్టడం తేలిక: వెండి రంగు ఒళ్లు, మచ్చలు లేని పక్కలు, పసుపు ఛాయ ఉన్న కింది రెక్కలు, పక్క రెక్క మొదట్లో ఒక నల్ల మచ్చ. అర మీటరు దాకా పెరుగుతుంది గానీ బీచ్‌లో 30 నుంచి 35 సెంటీమీటర్లది దొరికితే మంచి చేప అనే అనుకోవాలి. 40 దాటినదాన్ని ఇక్కడివాళ్లు ఎల్బో స్లాపర్ అంటారు, తల చేతిలో పట్టుకుంటే తోక మోచేతిని కొడుతుందని.

ఈ కుటుంబం మన తీరానికి కొత్తేమీ కాదు. సిల్లాగో సిహామా అనే దాని దగ్గరి చుట్టం బంగాళాఖాతంలో కావలసినంత ఉంది, తమిళనాడులో కిళంగన్ అంటారు, లేడీ ఫిష్ అన్న పేరు కూడా ఉంది. అదే కుటుంబంలోని ఇంకో జాతిని విశాఖ పరిశోధకులు 1982లో వేరు చేసి చూపించి, దానికి సొరింగ అని పేరు పెట్టారు. కాబట్టి విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆస్ట్రేలియాలో మొదటిసారి వైటింగ్‌ని చూస్తే ఎక్కడో చూసిన మొహంలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నోరు చూడండి. చిన్నది, కిందికి తిరిగి ఉంటుంది, ముందుకు గొట్టంలా సాగుతుంది. అడుగున ఇసుకలోంచి ఆహారాన్ని పీల్చుకోవడానికి ఏర్పడిన నోరు అది. పురుగులు, రొయ్య జాతులు, చిన్న గవ్వపురుగులు, సోల్జర్ క్రాబ్స్ అనే బుల్లి పీతలు దాని తిండి. పెద్ద గాలానికి పెద్ద ముక్క గుచ్చితే ఆ నోట్లో పట్టదు. చివర్లు కొరుక్కుని పోతుంది, మనం చేప కొడుతోంది గానీ పడడం లేదు అని విసుక్కుంటాం.

వైటింగ్ భయస్తురాలు కూడా. వల దగ్గరికి వస్తే ఇసుకలో దూరి దాక్కునే అలవాటు ఈ కుటుంబానికి ఉంది. లోతు తక్కువ నీళ్లలో మనిషి అడుగుల చప్పుడు, ఎండలో పడే నీడ దాన్ని తరిమేస్తాయి. అందుకే నీళ్లలోకి దిగక ముందే, తడి ఇసుక మీద నిలబడి మొదటి రెండు మూడు సార్లు దగ్గర్లో వేసి చూడమంటాను.

బీచ్‌ని చదవడం

సర్ఫ్ బీచ్ పైకి ఒకేలా కనిపిస్తుంది. కింద మాత్రం దిబ్బలు, కాలవలు ఉంటాయి. తీరానికి కాస్త దూరంలో ఇసుక మేట ఒకటి, దానికీ ఒడ్డుకీ మధ్య లోతైన కాలవ ఒకటి. ఆ కాలవనే ఇక్కడ గటర్ అంటారు. అల మేట మీద విరిగి తెల్లటి నురగ అవుతుంది, కాలవలోకి రాగానే చదునై రంగు ముదురుతుంది. తెల్లగా ఉన్నచోట లోతు తక్కువ, ముదురు ఆకుపచ్చగా ఉన్నచోట లోతు ఎక్కువ. కొంచెం ఎత్తున్న దిబ్బ ఎక్కి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పోలరాయిడ్ కళ్లద్దాలుంటే మెరుపు తగ్గి అడుగు కూడా కనిపిస్తుంది.

పెద్ద, లోతైన గటర్లు టైలర్‌కి, జ్యూఫిష్‌కి మంచివి. వైటింగ్‌కి కావలసింది చిన్నవి: మోకాటి లోతో తొడ లోతో ఉన్న సన్నటి కాలవ, మేట అంచు ఏటవాలుగా దిగే చోటు, రెండు చిన్న మేటల మధ్య నీళ్లు వెనక్కి జారే సందు. అల మేటను గీరుతుంది, లేచిన ఇసుకతో పాటు పురుగులు, చిన్న గవ్వలు ఈ అంచు మీద నుంచి కాలవలోకి దొర్లుతాయి. వైటింగ్ ఆ అంచు వెంబడే పైకీ కిందికీ తిరుగుతుంది. గాలం పడాల్సింది సరిగ్గా అక్కడ. చాలాసార్లు ఆ చోటు ఒడ్డు నుంచి 10, 15 మీటర్లు కూడా ఉండదు.

అల సైజు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. అలలు అసలు లేకపోతే ఇసుక కదలదు, తిండి బయటపడదు. ఎత్తు మరీ ఎక్కువైతే అడుగంతా కలిసిపోయి, ఎర ఒక్కచోట నిలవదు, సముద్రపు నాచు దారానికి చుట్టుకుంటుంది. ఒక మీటరు లోపు, సాఫీగా వచ్చే అలలున్న రోజు వైటింగ్‌కి సరైన రోజు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చేపలకు దారి అయిన ఈ గటరే మనిషికి ప్రాణం మీదికి తెచ్చే చోటు. మేట దాటి వచ్చిన నీరంతా కాలవ వెంబడి పారి, ఎక్కడో ఒక సందులోంచి లోపలికి పరిగెడుతుంది. అదే రిప్. పైకి అలలు విరగని, ప్రశాంతంగా కనిపించే నీళ్లు అవి. మనవాళ్లలో చాలామందికి ఈత రాదు, వచ్చినా చెరువులోనో స్విమ్మింగ్ పూల్‌లోనో నేర్చుకున్నదే. సముద్రంలో ఈ లాగుడు వాళ్లకు తెలియదు. ఆస్ట్రేలియా బీచ్‌లలో మునిగిపోయినవాళ్ల వార్తల్లో మన పిల్లల పేర్లు చూసినప్పుడల్లా మనసు విలవిల్లాడుతుంది. వైటింగ్ కోసం మోకాలు దాటి దిగాల్సిన పని లేదు. చేప ఒడ్డుకు దగ్గర్లోనే ఉంటుంది. రిప్‌లో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, తేలుతూ ఉండి, చెయ్యెత్తి సాయం అడగండి, శక్తి ఉంటే తీరానికి సమాంతరంగా పక్కకి ఈదండి. ఎరుపు, పసుపు జెండాల మధ్య ఉన్నది ఈతగాళ్ల స్థలం, అక్కడ గాలం వెయ్యకూడదు.

పురుగు: అసలు విద్య ఇక్కడుంది

బీచ్‌వర్మ్ అంటే వానపాములాంటి మెత్తటి జీవి అనుకుంటారు. నిజానికి అది దొరికిందల్లా కరిచి తినే జీవి. ఒనుఫిడే అనే కుటుంబంలోని సముద్రపు పురుగు ఇది, ఆస్ట్రలోనుఫిస్ అనే ప్రజాతిలోని రెండు జాతులు ఎరగా ఎక్కువగా వాడకంలో ఉన్నాయి. పెద్దవి మనిషి ఎత్తుకు మించి పెరుగుతాయి. తల మీద మీసాల్లాంటి స్పర్శాంగాలు, లోపల గట్టి దవడలు, ఒంటి రెండు పక్కలా వరసగా కాళ్లలాంటి చిన్న భాగాలు, వాటికి ముళ్లలాంటి వెంట్రుకలు. ఆ వెంట్రుకలతోనే ఇసుకను పట్టుకుని ఉంటుంది. చచ్చిన చేప, నాచు, గవ్వపురుగు ఏది దొరికినా తింటుంది. వాసన పసిగట్టడంలో దీన్ని మించింది బీచ్‌లో లేదు.

మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్లకు ఈ జాతి పరిచయమే. తల్లి రొయ్యలకు మేతగా పెట్టే పాలీకీట్ పురుగులు వీటి చుట్టాలే. రొయ్యకు ఇష్టమైనదే చేపకూ ఇష్టం.

దీన్ని పట్టడానికి ఆటు బాగా తగ్గిన సమయం కావాలి. అమావాస్య, పున్నమి రోజుల చుట్టూ నీళ్లు ఇంకా దూరం వెనక్కి పోతాయి, పురుగులుండే ఇసుక ఎక్కువ బయటపడుతుంది. చేప ముల్లు, తలకాయ లాంటివి ఒక ఉల్లిపాయల జాలీ సంచిలో కట్టి, అల వచ్చి వెనక్కి జారే చదునైన ఇసుక మీద అటూ ఇటూ ఈడుస్తారు. వాసన నీళ్లతో కలిసి పారుతుంది. నీరు పల్చగా జారిపోతున్నప్పుడు ఇసుకలోంచి పురుగు తల పైకి పెడుతుంది. ఆ చిన్న తల చుట్టూ నీళ్లు చీలి V ఆకారంలో గీత పడుతుంది. కంటికి అదొక్కటే గుర్తు. అలవాటు లేని కన్ను పక్కనే ఉన్నా చూడలేదు, ఒకసారి పట్టుబడ్డాక మాత్రం బీచ్ నిండా అవే కనిపిస్తాయి.

తర్వాత అంతా నిదానం. చేతిలో పిపి అనే ఇసుకలో ఉండే గవ్వ మాంసమో గట్టి చేప ముక్కో పట్టుకుని తల దగ్గర పెట్టాలి. పురుగు దాన్ని కరిచి లాగడానికి మెడను విల్లులా వంచి పైకి లేస్తుంది. అప్పటికే బొటనవేలు, చూపుడువేలు తలకు రెండు పక్కలా ఇసుకలో మెల్లగా దించి ఉంచుకోవాలి. మెడ వంగిన క్షణంలో గట్టిగా నొక్కి పట్టుకుని, కుదుపు లేకుండా ఒకే తీరున పైకి లాగాలి. ముందే నొక్కితే తల జారిపోతుంది. ఒక్కసారిగా గుంజితే తెగి తల మాత్రమే చేతికొస్తుంది, మిగతా ఒళ్లు లోపలే ఉండిపోతుంది. కొందరు పొడవు మూతి పట్టుకారు వాడతారు. వేళ్లతో పట్టడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి, ఎవరికీ మొదటిరోజే రాదు. బీచ్‌లో ఎవరైనా పెద్దాయన పురుగులు పడుతూ కనిపిస్తే దగ్గరికెళ్లి మర్యాదగా అడగండి. ఈ విద్యలో మాటల కంటే చూపించడమే త్వరగా పని చేస్తుంది, చాలామంది సంతోషంగా చూపిస్తారు కూడా.

పట్టిన పురుగును ఎలా ఉంచాలన్నది సగం మంది పట్టించుకోని విషయం. పంపు నీళ్లు తగిలితే అది చస్తుంది. ఎండలో నీళ్లు వేడెక్కినా చస్తుంది, ఒక్కటి చస్తే బక్కెట్‌లో మిగతావీ త్వరగా పాడవుతాయి. చెమ్మ ఉన్న సముద్రపు ఇసుకలో, నీడలో, చల్లగా ఉంచాలి. ఐస్ ముక్కలు నేరుగా తగలకూడదు. తెగినవి, గాయపడినవి విడిగా పెట్టి ముందు వాటిని వాడెయ్యాలి.

ఇక బతికున్నదే ఎందుకన్న ప్రశ్న. ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు కణాల్లోని నీరు మంచు స్ఫటికాలై వాటి పొరలను చీలుస్తుంది. కరిగాక రసం కారిపోతుంది, ఒళ్లు మెత్తబడుతుంది. ఒక అల తగిలినా, చిన్న పీత గీకినా గాలం మీద నుంచి ఊడిపోతుంది. బతికున్న బీచ్‌వర్మ్ తోలు మాత్రం సాగుతుంది, తెగదు, అల ఎంత కొట్టినా గాలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ముక్కగా కోసినా కాసేపు మెలికలు తిరుగుతూనే ఉంటుంది, కోసినచోటి నుంచి రసం నీళ్లలో కలుస్తూ ఉంటుంది. ఇసుక లేచి మసకబారిన నీళ్లలో చేపకు దారి చూపేది ఆ వాసనే. నా మటుకు నేను ఈ మూడింటిలో మొదటి స్థానం గట్టిదనానికే ఇస్తాను. గాలం మీద ఎర ఉందో లేదో తెలియక ఖాళీ గాలంతో నిలబడటం కంటే టైమ్ వేస్ట్ ఇంకొకటి లేదు. పైగా అది ఆ బీచ్‌లో ఆ రోజు చేపలు తింటున్న తిండే.

పురుగు దొరకని రోజు పిపి గవ్వ మాంసం రెండో మాట. మడమతో తడి ఇసుకను తిప్పి తవ్వితే పిపిలు బయటపడతాయి. ఈ తీరపు ఆదివాసులు వేల ఏళ్లుగా వీటిని తిన్నారు. న్యూకాజిల్ ఉత్తరాన స్టాక్‌టన్ బీచ్ వెనక ఇసుక దిబ్బల్లో వొరిమి ప్రజల పాత గవ్వ కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ మాత్రం న్యూ సౌత్ వేల్స్‌లో మామూలు జనం పిపిలను ఎరగా వాడుకోవచ్చే గానీ తినడానికి ఇంటికి తీసుకెళ్లకూడదు. గవ్వల్లో చేరే విషాల భయంతో పెట్టిన నియమం అది. పోటు గీతకు 50 మీటర్లు దాటి తీసుకెళ్తే జరిమానా పడుతుంది. బ్లడ్‌వర్మ్ అనే ఇంకో రకం పురుగు కూడా మంచి ఎర, కానీ మెత్తన. నది కలిసే చోట నిదానమైన నీళ్లలో బాగా నిలుస్తుంది, సర్ఫ్‌లో త్వరగా చిరుగుతుంది.

సామాను

ఇది పొడుగ్గా చెప్పాల్సిన విషయం కాదు. ఎనిమిది నుంచి పది అడుగుల మెత్తటి కొస ఉన్న కర్ర, 3 నుంచి 4 కిలోల బలం ఉన్న సన్నటి తంగూసు, 4 లేదా 6 నంబరు పొడవు కాడ గాలం. కాడ పొడుగ్గా ఉంటే పురుగును ఎక్కించడం తేలిక, చిన్న నోట్లోంచి గాలం తీయడమూ తేలిక. దారం మీద జారే గుండు, దాని కింద స్వివెల్ (దారం మెలి పడకుండా తిరిగే చిన్న కొక్కెం), ఆ తర్వాత 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా లీడర్, అంటే గాలం కట్టే చివరి దారం. క్వీన్స్‌లాండ్ పాతకాపులు ఇప్పటికీ ఆల్వీ రీలే వాడతారు. 1920లో బ్రిస్బేన్‌లో చార్లెస్ ఆల్వీ మొదలుపెట్టిన కంపెనీ అది. పక్కకి తిప్పి విసిరే ఆ రీలులో ఇసుక పడినా, ఉప్పునీళ్లు పోసినా పెద్దగా పాడయ్యే భాగాలుండవు. కొత్తవాళ్లకు మామూలు స్పిన్నింగ్ రీలు చాలు.

గుండు బరువు అడిగితే నా జవాబు: ఆ రోజు ఎంత తక్కువతో పనవుతుందో అంత. 10 గ్రాములతో మొదలుపెట్టి, నీటి లాగుడు చూసి 30 దాకా పెంచండి. గుండు ఇసుకలో పాతుకుపోకూడదు, అలతో పాటు కొంచెం కొంచెం దొర్లాలి. అల బయటపెట్టిన పురుగు కూడా అలాగే దొర్లుతుంది మరి.

ఎర్ర పూసలు, గాలం పైన ఎర్ర ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టడం ఇక్కడ బాగా అలవాటు. చాలామంది ప్రమాణం చేసి చెబుతారు. నాకు దాంతో నష్టం కనిపించలేదు, పెద్ద తేడా కూడా కనిపించలేదు. పురుగు బాగుంటే పూస అవసరం లేదు.

పురుగును గుచ్చే ముందు పొడి ఇసుకలో ఒకసారి దొర్లించండి, జిగురు పోయి వేళ్లకు పట్టు దొరుకుతుంది. ఆరేడు సెంటీమీటర్ల ముక్క కోసి, మధ్యలోంచి గాలం కాడ మీదుగా మేజోడులా ఎక్కిస్తూ పోవాలి, కాడ మొత్తం కప్పి దారం మీదికి కూడా కాస్త ఎక్కాలి. కొన దగ్గర ఒక సెంటీమీటరు తోక వేలాడనివ్వండి. అంతకంటే ఎక్కువ వదిలితే చేప ఆ తోకనే కొరుక్కుని పోతుంది.

ఒకదానికొకటి కొట్టుకునే సలహాలు

ఎరను కదిలించాలా? కదిలించాలి, కానీ మనం కాదు, నీరు. గుండు తేలిగ్గా ఉంటే అల ఆ పని చేస్తుంది. నీరు నిదానంగా ఉన్నప్పుడు మాత్రం రీలును మెల్లగా ఒక అర చుట్టు తిప్పి ఆపండి. నదీముఖాల్లో వైటింగ్ పారిపోతున్న రొయ్యను వెంటాడి నీటి పైకి కూడా వస్తుంది, నీటి పైన కదిలే చిన్న పాపర్ లూర్లతో, అంటే నకిలీ ఎరలతో పట్టేవాళ్లు ఉన్నారు. కదిలే తిండి అంటే దానికి ఇష్టమేనని ఇది చెబుతుంది. ఇసుకలో పాతుకుని ఉన్న ఎర దగ్గరికి మాత్రం పీతలే ముందొస్తాయి.

చేప కొట్టగానే లాగాలా? ఇక్కడ చాలామంది చేప పోగొట్టుకుంటారు. వైటింగ్ మొదటి కొట్టుడు టకటకమని చిన్నగా ఉంటుంది, పురుగు కొసను పీల్చి చూస్తోందన్నమాట. అప్పుడు గుంజితే నోట్లోంచి లాక్కున్నట్టే. కర్ర కొసను కొంచెం ముందుకు వంచి దారానికి కాస్త చోటివ్వండి. ఒకటి రెండు క్షణాల్లో బరువుగా లాగుతుంది, అప్పుడు కర్ర పైకెత్తి రెండడుగులు వెనక్కి నడిస్తే చాలు. సన్నటి గాలం దానంతటదే దిగుతుంది. గట్టిగా లాగి గెలిచామనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు పడినవి అప్పటికే మింగేసిన చేపలు.

ఒడ్డుకు తెచ్చేటప్పుడు తొందర వద్దు. అల ముందుకొస్తున్నప్పుడు దాంతో పాటు చేపను తీసుకురండి, అల వెనక్కి పోతున్నప్పుడు ఆగి దారం బిగువు మాత్రం పట్టుకోండి. వెనక్కి లాగే నీటి బరువు, చేప బరువు కలిస్తే ఆ చిన్న నోరు చిరిగిపోతుంది.

పోటా, ఆటా? రెండిటిలోనూ పడుతుంది. కానీ పైన చెప్పిన లెక్కలోనే ఆలోచించండి. ఆటు తగ్గినప్పుడు ఎండిన మేట మీద పురుగులు, గవ్వలు ఉంటాయి. పోటు మొదలై నీళ్లు మళ్లీ ఆ మేట ఎక్కేటప్పుడు వాటిని కదిలిస్తుంది. వైటింగ్ ఆ నీటి అంచుతో పాటే పైకి వస్తుంది. అందుకే ఆటు చివర పురుగులు పట్టుకుని, అదే సమయంలో బీచ్ అడుగు ఎలా ఉందో చూసి గుర్తుపెట్టుకుని, పోటు మొదటి మూడు గంటలు గాలం వెయ్యడం నాకు తెలిసిన అన్నిటికంటే మంచి పద్ధతి. ఆటులో వేస్తే కాలవ నోటి దగ్గర, మేట మీది నీళ్లు బయటికి జారే చోట వెయ్యాలి, తిండి అటే కొట్టుకుపోతుంది.

పగలా రాత్రా అంటే వెలుతురు తక్కువున్న వేళ. తెల్లవారుజాము, పొద్దుగుంకే వేళ, ఆ తర్వాత రెండు గంటలు. నీళ్లు తేటగా ఉన్న ఎండ పొద్దున మోకాటి లోతుకు రావడానికి పెద్ద చేప భయపడుతుంది. మబ్బు పట్టి, గాలికి నీటి పైభాగం చిన్నగా చిట్లుతున్న రోజు పగలు కూడా బాగానే పడుతుంది. కాలం విషయానికొస్తే న్యూ సౌత్ వేల్స్‌లో అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా, నీళ్లు వెచ్చగా ఉండే నెలలు. క్వీన్స్‌లాండ్ దక్షిణ భాగంలో ఏడాది పొడుగునా ఎంతో కొంత దొరుకుతుంది.

నియమాలు

న్యూ సౌత్ వేల్స్‌లో 18 దాటినవాళ్లు ఫిషింగ్ ఫీజు కట్టాలి. గాలం వెయ్యకుండా పురుగులు పట్టినా కట్టాల్సిందే, ఎర సేకరణ కూడా అందులోకే వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. క్వీన్స్‌లాండ్‌లో సముద్రపు గాలానికి లైసెన్సు లేదు. శాండ్ వైటింగ్ కనీస పొడవు న్యూ సౌత్ వేల్స్‌లో 27 సెంటీమీటర్లు, రోజుకు మనిషికి 20. క్వీన్స్‌లాండ్‌లో 23 సెంటీమీటర్లు. బీచ్‌వర్మ్‌లకు కూడా లెక్క ఉంది, న్యూ సౌత్ వేల్స్‌లో మనిషికి 20. మెరైన్ పార్కుల్లోని శాంక్చురీ జోన్లలో చేపా పట్టకూడదు, పురుగూ పట్టకూడదు. అలాంటి పార్కున్న పోర్ట్ స్టీఫెన్స్ వైపు వెళ్లేవాళ్లు మ్యాపు చూసుకునే వెళ్లాలి. ఈ అంకెలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఆ రాష్ట్ర మత్స్యశాఖ సైట్‌లో ఒకసారి చూడండి.

కొలతకు తక్కువైన చేపను తడి చేతులతో పట్టుకుని వెంటనే వదిలెయ్యండి. 27 అన్న గీత ఊరికే పెట్టలేదు, చేప కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం దానికి దొరకాలని. మిగిలిన బతికున్న పురుగులను అదే బీచ్‌లో తడి ఇసుక మీద వదిలితే లోపలికి దూరిపోతాయి. తవ్విన గుంటలు పూడ్చండి, తెగిన తంగూసు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. పెలికన్ల కాళ్లకు, సీగల్ రెక్కలకు చుట్టుకునేది అదే.

పట్టిన చేపను వెంటనే ఐస్, సముద్రపు నీళ్లు కలిపిన పెట్టెలో వెయ్యండి. వైటింగ్ మాంసం చాలా సున్నితం, ఎండలో బక్కెట్‌లో గంట ఉంటే మెత్తబడిపోతుంది. పొలుసు తీసి, పొట్ట శుభ్రం చేసి, వంటయ్యే దాకా చల్లగా ఉంచాలి. 30 సెంటీమీటర్ల లోపువి నిలువునా గాట్లు పెట్టి ఉప్పు, కారం, పసుపు, కొంచెం బియ్యప్పిండి పట్టించి వేపుడు చేస్తే బాగుంటాయి. పులుసు పెట్టేవాళ్లు చింతపండు పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వెయ్యాలి. వేశాక ఏడెనిమిది నిమిషాలు చాలు, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి, ముక్క విరగదు. నడిముల్లు పక్కన సన్నటి ముళ్లుంటాయి, పిల్లలకు పెట్టేటప్పుడు ఫిల్లెట్ తీసి పెట్టడం మంచిది.